బలం కోసం అడుగుతున్నారు సరే, బరువు సంగతేమిటి?

ప్రశ్న: అక్కా, వందనాలు. నా వయసు 46. రెండేళ్ళ కిందట మా అత్తయ్యగారికి పక్షవాతం వచ్చింది. కుడి వైపు పనిచేయదు, మాట సరిగా రాదు. అప్పటి నుంచి తిండి పెట్టడం, ఒళ్ళు తుడవడం, డైపర్లు, రాత్రిపూట పక్క మార్చడం అన్నీ నేనే. ఉద్యోగం కూడా ఉంది. మావారు మంచివారే, కానీ "నువ్వైతే బాగా చూస్తావు" అంటూ తప్పుకుంటారు. మరిది ఫోన్లో బాగోగులు అడుగుతాడు. ఆడపడుచు, ఆమె భర్త దేవుని పరిచర్యలో ఉన్నారు. "సేవ వదిలి రాలేం వదినా" అంటుంది. సంఘంలో సండే స్కూలు, స్త్రీల కూడిక బాధ్యత కూడా నాదే. ఈ మధ్య ప్రార్థనకు మోకరిస్తే నిద్ర వచ్చేస్తోంది. బైబిలు తెరిస్తే ఏమీ బుర్రకెక్కడం లేదు. మా హాల్లో గోడ మీద "యెహోవా కొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు" అన్న వాక్యం ఉంది. దాన్ని చూస్తే కోపం వస్తోంది. ఒక పెద్దావిడకు చెప్పుకుంటే "నీ విశ్వాసం తగ్గింది, మూడు రోజులు ఉపవాసం ఉండి ప్రార్థించు" అన్నారు. ఉన్నాను. మూడో రోజు ఆఫీసులో కళ్ళు తిరిగి కూలబడ్డాను. పోయిన వారం పక్క మారుస్తూ అత్తయ్యగారి చేయి పట్టుకొని విసురుగా లాగాను. ఆవిడ నొప్పితో మూలిగారు. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. ఇంకా ఎన్నేళ్ళు ఇలా అని తలచుకుంటే భయమేస్తోంది. ఒక్కోసారి ప్రభువు నన్ను నిద్రలోనే తీసుకెళ్ళిపోతే బాగుండు అనిపిస్తుంది. నా విశ్వాసం నిజంగా చచ్చిపోయిందా? పోయిన బలం మళ్ళీ ఎలా వస్తుంది?

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరాన్ని చివరి నుంచి మొదలుపెడతాను. "నిద్రలోనే తీసుకెళ్ళిపోతే బాగుండు" అన్న మాటను ఏదో మామూలు సంగతిలా రాసి వదిలేశారు. నేను దాన్ని అంత తేలిగ్గా తీసుకోలేను. ఈ సంగతి మీవారికి తెలుసా? తెలియకపోతే ఈ రోజే చెప్పండి. ఆ ఆలోచన అప్పుడప్పుడూ వచ్చి పోతోందా, లేక ఎలా చనిపోవాలి అన్నదాకా వెళ్తోందా? రెండోదే అయితే ఈ జవాబు చదవడం ఇక్కడే ఆపేయండి. ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, లేదా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. మిగతా కబుర్లన్నీ తర్వాత.

వచ్చి పోయే ఆలోచనే అయితే, అలాంటి ప్రార్థన చేసినవాళ్ళలో మీరు మొదటివారేమీ కాదు. ఏలీయా ప్రవక్త సరిగ్గా ఇదే అడిగాడు. 1 రాజులు 19వ అధ్యాయం ఈసారి ప్రసంగం కోసం కాకుండా మీ కోసం చదువుకోండి. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగివచ్చింది, వాన కురిసింది, ఆయన అహాబు రాజు రథానికి ముందు పరుగెత్తాడు. అంత గొప్ప రోజు తర్వాత అహాబు భార్య యెజెబెలు పంపిన ఒక్క బెదిరింపుకు ప్రాణం అరచేత పట్టుకొని పారిపోయాడు. బెయేర్షెబా దాకా వెళ్ళి పనివాడిని అక్కడే ఉంచేశాడు. ఒంటరిగా ఒక రోజంతా అరణ్యంలో నడిచి, ఒక చెట్టు కింద కూలబడి, "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు.

దేవుడు అప్పుడేం చేశాడో ఒక్కసారి నెమ్మదిగా చూడండి. మందలించలేదు. కర్మెలు మీద అంత చూసి ఇప్పుడిలా మాట్లాడతావా అనలేదు. ప్రార్థించమని కూడా అనలేదు. ఏలీయా నిద్రపోయాడు. దూత వచ్చి తట్టి లేపి తినమన్నాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు ఉన్నాయి. తిన్నాడు, తాగాడు, మళ్ళీ పడుకున్నాడు. ఈ "మళ్ళీ పడుకున్నాడు" అన్న ముక్కను మనం ప్రసంగాల్లో గబగబా దాటేస్తాం. దూత రెండోసారి వచ్చి "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది, నీవు లేచి భోజనము చేయుము" అన్నాడు. ఆ ప్రయాణం ఏలీయా శక్తికి మించినదని ఒప్పుకున్నది పరలోకమే. తర్వాత నలభై పగళ్ళు, నలభై రాత్రులు నడిచి హోరేబు కొండ చేరాకే దేవుడు "ఇక్కడేం చేస్తున్నావు?" అని అడిగాడు. ఏలీయా మనసులో ఉన్నదంతా కక్కేశాడు. అదే ప్రశ్న రెండోసారి అడిగితే అదే జవాబు అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ చెప్పాడు. దేవుడు రెండుసార్లూ విన్నాడు.

ఇక చనిపోవాలన్న ప్రార్థన సంగతంటారా, దానికి మాత్రం దేవుడు సరేననలేదు. చావు కోరుకున్న ఆ మనిషి చివరికి చావే చూడకుండా సుడిగాలిలో వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మీకు మూడు రోజుల ఉపవాసం చెప్పిన పెద్దావిడ సంగతి. ఆవిడ మనసు మంచిదే అయి ఉంటుంది. కానీ రాత్రుళ్ళు నిద్ర లేక, వేళకు తిండి లేక నలిగిపోయిన మనిషిని మరో మూడు రోజులు పస్తుండమనడం తప్పు, ఆ మాట నేను గట్టిగానే చెబుతాను. నేను చాలా ఏళ్ళు నర్సుగా పనిచేసినదాన్ని. కూలబడిన మనిషికి ముందు ఏం కావాలో నాకు కొంచెం తెలుసు, ఆ దూతకు ఇంకా బాగా తెలుసు. ఉపవాసం మంచిదే. మీకు ఇప్పుడు కాదు. మీరు ఈ నెల దేవునికి విధేయత చూపించాలంటే వేళకు తినండి.

అలసిపోవడం పాపం కాదు. యేసుప్రభువు నడిచి నడిచి అలసి యాకోబు బావి దగ్గర కూర్చుండిపోయాడని యోహాను రాశాడు. తుఫానులో పడవ మునిగేలా ఉన్నా, వెనుక భాగంలో తలగడ మీద నిద్రపోతున్నాడని మార్కు రాశాడు. ఆ తలగడ సంగతి రాయకపోయినా కథకు లోటేమీ లేదు, అయినా రాశాడు. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలోనే, ఆసియలో మా శక్తికి మించిన బరువు మీద పడింది, బతుకుతామన్న నమ్మకం కూడా పోయింది అని దాచుకోకుండా చెప్పుకున్నాడు. వీళ్ళలో ఎవరి విశ్వాసం తగ్గిందంటారు? ప్రార్థనలో నిద్ర వస్తోందని సిగ్గుపడుతున్నారు కదా, గెత్సేమనేలో శిష్యులు నిద్రపోయింది దుఃఖం చేత అని లూకా రాశాడు. ప్రభువు వాళ్ళను లేపాడు, మెలకువగా ఉండి ప్రార్థించమన్నాడు, నిజమే. ఆత్మ సిద్ధమే కాని శరీరం బలహీనం అని వాళ్ళ తరఫున మాట్లాడింది కూడా ఆయనే.

నాకు మీ ఉత్తరంలో అసలు చిక్కు మరోచోట కనబడుతోంది. మీరు బలం అడుగుతున్నారు. దేనికి? ఇప్పుడు మోస్తున్నదంతా ఇలాగే, ఒక్కరే, ఇంకా చాలా కాలం మోయడానికి. అత్తయ్యగారు, ఉద్యోగం, ఇల్లు, సండే స్కూలు, స్త్రీల కూడిక, వీటిలో ఒక్కటీ తగ్గకుండా. ఆ ప్రార్థనకు జవాబు రావడం లేదని గోడ మీది వాక్యం మీద కోపం వస్తోంది. బైబిల్లో దేవుడు అలసిపోయిన తన సేవకులతో ఎలా వ్యవహరించాడో చూస్తే, చాలాసార్లు ముందు బరువు దించాడు. మోషే దగ్గర ఇది రెండుసార్లు జరిగింది.

మొదటిది నిర్గమకాండం 18లో. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చొని జనం తగవులు తీరుస్తున్నాడు. మామగారైన యిత్రో చూడ్డానికి వచ్చి, నువ్వు చేస్తున్న పని మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు, ఇది ఒక్కడివల్ల అయ్యే పని కాదు అని మొహం మీదే చెప్పాడు. (అత్తింటివైపు నుంచి ఇలాంటి మాట వినబడడం అరుదే, మోషే అదృష్టవంతుడు.) వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కో పెద్దను పెట్టించాడు. "నలిగిపోతారు" అన్నది మోషేతో పాటు జనానికి కూడా వర్తించింది చూశారా? ఒక్కరే అంతా చేస్తే చూసేవాళ్ళూ చితికిపోతారు, చూపించుకునేవాళ్ళూ చితికిపోతారు. అత్తయ్యగారి చేయి విషయంలో జరిగింది అదే.

రెండోది సంఖ్యాకాండం 11. ఇది మీరు తప్పకుండా చదవాలి, ఎందుకంటే మోషే మాటలు మీ మాటల్లాగే ఉంటాయి. ఈ జనాన్నంతా నేనేమైనా కన్నానా, పాలు తాగే పిల్లను ఎత్తుకున్నట్టు రొమ్మున ఎత్తుకొని మోయమంటావు, నావల్ల కాదు, ఇలాగే చేయదలిస్తే నన్ను చంపెయ్ అని దేవుణ్ణి నిలదీశాడు. దేవుడు కోపగించుకోలేదు. డెబ్బైమంది పెద్దలను పిలిపించమన్నాడు. మోషే మీద ఉన్న ఆత్మలో పాలు వాళ్ళ మీద ఉంచుతాను, వాళ్ళు నీతో పాటు ఈ భారం మోస్తారు, ఇక నువ్వు ఒంటరిగా మోయనక్కర్లేదు అన్నాడు. నాకు బలం చాలడం లేదన్న మొరకు వచ్చిన జవాబు డెబ్బైమంది మనుషులు. అమ్మా, మీకు రావలసిన నూతన బలంలో కొంత భాగం బహుశా మీవారి చేతుల్లో, మరిది చేతుల్లో ఆగిపోయి ఉంది. అది అక్కడి నుంచి బయటికి రావాలంటే మీరు నోరు తెరిచి అడగాలి.

ఇక్కడ లేఖనం చాలా సూటిగా ఉంటుంది. 1 తిమోతి 5:4లో పౌలు, విధవరాలికి పిల్లలు కాని మనుమలు కాని ఉంటే ముందు వాళ్ళు తమ ఇంటివారి పట్ల భక్తి చూపించాలి, కన్నవాళ్ళకు ప్రత్యుపకారం చేయడం నేర్చుకోవాలి అన్నాడు. కోడలిని పక్కన పెట్టమనలేదు, అత్తను వదలని కోడలు రూతు కథ మనకు తెలియనిది కాదు. అయినా పౌలు పిలిచిన వరుస చూస్తే ముందు నిలబడాల్సింది మీవారు, మరిది, ఆడపడుచు. "నువ్వైతే బాగా చూస్తావు" అన్నది మెచ్చుకోలులా వినబడుతుంది, నిజానికి అది తప్పుకునే దారి. ఆయనకు చేతకాక తప్పుకుంటున్నారో, కన్నతల్లిని ఆ స్థితిలో చూడలేక తప్పుకుంటున్నారో నాకు తెలియదు. చాలామంది కొడుకులకు రెండోది ఉంటుంది, దాన్ని వెక్కిరించకండి. కానీ వదిలిపెట్టనూ వద్దు.

అడగడంలో ఒక కిటుకు ఉంది. "కాస్త సాయం చేయండి" అంటే ఎవరూ చేయరు. చేసినా మీరు చెప్పినప్పుడే చేస్తారు, అప్పుడు చెప్పడం కూడా మీ పనే అవుతుంది. ఒక పని మొత్తంగా అప్పజెప్పండి. "వారంలో మూడు రాత్రులు అమ్మ పక్క మార్చడం పూర్తిగా మీది. అలారం మీరే పెట్టుకోండి. ఆ రాత్రులు నేను వేరే గదిలో తలుపేసుకొని పడుకుంటాను." ఇంతే. ఆయన మీ అంత బాగా చేయరు. దుప్పటి మడత సరిగా పడదు, డైపర్ వంకరగా ఉంటుంది. లేచి వెళ్ళి సరిచేయకండి. మీరు సరిచేసిన రోజే ఆ పని మళ్ళీ మీ నెత్తి మీదికి వస్తుంది.

మరిది దూరంగా ఉంటే డబ్బు పంపవచ్చు. ఆ డబ్బుతో రాత్రికో పగటికో ఒక సహాయకురాలిని పెట్టుకోవచ్చు. సెలవు పెట్టి ఒక వారం వచ్చి ఉండనూ వచ్చు. ఫోన్లో "వదినా, అమ్మ ఎలా ఉంది?" అని అడిగినప్పుడు "బాగానే ఉంది" అనడం మానేయండి. ఎలా ఉందో చెప్పండి, మీరెలా ఉన్నారో కూడా చెప్పండి. రెండేళ్ళుగా అంతా బాగానే ఉందని వింటున్నవాడికి మీ పరిస్థితి ఎలా తెలుస్తుంది?

ఆడపడుచు గారి మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. "సేవ వదిలి రాలేం." మార్కు 7వ అధ్యాయంలో యేసు పరిసయ్యులను గట్టిగా కడిగేసింది ఇలాంటి విషయం మీదే. నా వల్ల మీకు రావలసినది కొర్బాను, అంటే దేవునికి అర్పితం, అని తల్లిదండ్రులతో అనేస్తే ఇక వాళ్ళకేమీ చేయనక్కర్లేదని అప్పట్లో ఒక పద్ధతి నడిచేది. మీ పారంపర్యాచారంతో దేవుని వాక్యాన్నే కొట్టేస్తున్నారని ఆయన వాళ్ళతో అన్నాడు. ఈ వాక్యం పట్టుకొని ఆడపడుచు మీదికి వెళ్ళమని నా ఉద్దేశం కాదు, అది పెద్ద గొడవ అవుతుంది. మీవారు అన్నగా మెత్తగా చెప్పాలి, ఏడాదిలో ఒక్క నెలైనా వచ్చి ఉండమని. వాళ్ళు చేస్తున్న పరిచర్యకు ఆ నెల వల్ల నష్టమేమీ రాదని నా అభిప్రాయం.

అదే మాట మీకూ వర్తిస్తుంది. సండే స్కూలు, స్త్రీల కూడిక ఆరు నెలలు ఆపేయండి. పాస్టర్ గారితో "మానేస్తున్నాను" అనకండి, వెంటనే బతిమాలడం మొదలవుతుంది. "ఆరు నెలలు సెలవు కావాలి, ఈ ఆదివారం నుంచే" అనండి. "మీరు లేకపోతే ఎలా సిస్టర్?" అంటారు. అలా అన్నప్పుడు మనసులో ఎక్కడో కొంచెం బాగుంటుంది, ఒప్పుకుందాం. ఆ బాగుండడమే మనల్ని చాలాసార్లు కట్టిపడేస్తుంది. గుడారంలో దేవుని సేవ చేసే లేవీయులు ఇరవై ఐదో ఏట పనిలో చేరి యాభయ్యో ఏట ఆ పని మానాలని సంఖ్యాకాండం 8లో దేవుడే నియమించాడు. తర్వాత తోటివాళ్ళకు తోడుగా ఉండవచ్చు కాని బరువు పని చేయకూడదు. తన గుడారంలోనే ఆయన అలా ఏర్పాటు చేశాడు, మీ సంఘంలో ఆరు నెలలు ఇంకొకరు పాఠం చెబితే ఏమీ కాదు.

ఆరాధనకు మాత్రం వెళ్ళండి. బాధ్యతలేమీ లేకుండా వెనుక వరుసలో కూర్చోండి. పాట రాకపోతే పాడకండి, మీ చుట్టూ ఉన్నవాళ్ళు పాడతారు. కపెర్నహూములో ఒక పక్షవాయువు రోగిని నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి యేసు ముందు దించారు. యేసు "వాళ్ళ విశ్వాసం" చూశాడని మార్కు రాశాడు. ఆ రోగి నోరు తెరిచి ఏమైనా అడిగినట్టు ఎక్కడా లేదు. సంఘం ఉన్నది అందుకే. ఇప్పుడు మోయించుకోవలసిన వంతు మీది.

గోడ మీది వాక్యం గురించి కూడా ఒక మాట. దాన్ని తీసేయకండి, కానీ దానికి పైనున్న వచనాలు కలిపి చదవండి. యెషయా 40:27లో జనం అంటున్నారు, నా మార్గం యెహోవాకు మరుగై ఉంది, నా న్యాయం ఆయనకు కనబడడం లేదు అని. బబులోను చెరలో ఉన్నవాళ్ళకు చెప్పిన ఓదార్పు అది. మీకు వచ్చిన కోపం వాళ్ళకూ వచ్చింది, ఆ వాక్యం పుట్టిందే ఆ కోపానికి జవాబుగా. ముప్ఫయ్యో వచనంలో యౌవనస్థులు కూడా సొమ్మసిల్లుతారు, తప్పక తొట్రిల్లుతారు అని ఉంది. మనిషన్నవాడు అలసిపోతాడని ముందే ఒప్పుకొని, అలసిపోనివాడు దేవుడొక్కడేనని చెప్పి, ఆ తర్వాతే పక్షిరాజులా రెక్కలు చాపి ఎగురుతారన్న మాట ఎత్తాడు ప్రవక్త. మనం చివరి వచనం ఒక్కటే కత్తిరించి గోడకు తగిలిస్తాం, ఎగరలేకపోతున్నామని బాధపడతాం. ఆ వచనంలోనే చివర్లో సొమ్మసిల్లక నడిచిపోవడం కూడా ఉంది. చెరలో నుంచి ఇంటికి వెళ్ళే జనానికి రోజూ కావలసింది ఆ నడకే. మీకు ఈ ఏడాది నడక చాలు.

"ఇంకా ఎన్నేళ్ళు?" అని అడిగారు. నేను చెప్పలేను, డాక్టర్లు కూడా చెప్పలేరు. అరణ్యంలో దేవుడు తన జనానికి ఇచ్చిన ఆహారం, మన్నా, ఏ రోజుకారోజు ఎందుకు కురిసిందో ఈ ప్రశ్న వేసుకున్నవాళ్ళకే బాగా అర్థమవుతుంది. రేపటికని దాచుకున్నది పురుగులు పట్టి కంపు కొట్టింది. విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రం రెండింతలు దొరికింది, అది పాడు కాలేదు. అంటే తినడానికి నిలవ ఉంచుకోనిచ్చింది విశ్రాంతి కోసం మాత్రమే. రాబోయే అయిదేళ్ళకు సరిపడే బలం ఈ రాత్రి మీకు రాదు. రేపు పొద్దుటికి సరిపడేది వస్తుంది. అయిదేళ్ళ బరువును ఈ రాత్రి బలంతో తూచి చూసుకుంటే ఎవరికైనా గుండె జారిపోతుంది.

ప్రార్థన విషయంలో ఇప్పుడు పెద్ద ప్రణాళికలు వద్దు. రోజుకో కీర్తన, అదీ చిన్నది, పైకి చదవండి. ఏమీ అనిపించకపోయినా ఫరవాలేదు. 88వ కీర్తన ఒకసారి చదవండి. మిగతా విలాప కీర్తనల్లో చాలావాటికి చివర్లో ఎక్కడో ఒక ఆశ కనబడుతుంది. దీనికి ఆ ముక్తాయింపు లేదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా దాన్ని బైబిల్లో ఉంచారు, గుడిలో పాడుకున్నారు. మాటలే రాని రోజు రోమా 8:26 ఉంది, ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు ఉచ్చరింపశక్యం కాని మూలుగులతో ఆత్మే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని. మోకరిస్తే నిద్ర వస్తుంటే పడుకొనే ప్రార్థించండి. మధ్యలో నిద్రపోతే పోండి.

చిన్న చిన్న విశ్రాంతులను తీసిపారేయకండి. భోజనం చేయడానికి కూడా తీరిక లేని శిష్యులతో యేసు, ఏకాంతంగా ఉండే చోటికి వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకోండి అన్నాడు. పడవెక్కి వెళ్తే అవతలి ఒడ్డున జనం వాళ్ళకంటే ముందే చేరుకొని నిలబడి ఉన్నారు. అప్పటికి వాళ్ళకు దక్కిన విశ్రాంతి ఆ పడవ ప్రయాణమే. రోగిని చూసుకునేవాళ్ళ విశ్రాంతి ఎప్పుడూ అలాగే ఉంటుంది, మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తారు. ఆఫీసుకు వెళ్ళే దారిలో ఫోన్ కట్టేసి ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకుంటే అది కూడా లెక్కలోకే వస్తుంది.

ఇక అత్తయ్యగారి చేయి. అది తప్పేనమ్మా. మీరు చెడ్డమనిషి అని కాదు, ఒంటరిగా చూసుకునే చాలామంది ఏదో ఒక రాత్రి ఆ అంచు దాకా వెళ్తారు. కానీ దాన్ని బాత్రూంలో ఏడ్చి మరిచిపోకండి. దేవుని దగ్గర ఒప్పుకోండి, క్షమాపణ దొరికిందని నమ్మండి, తర్వాత ఆవిడ దగ్గర కూర్చోండి. మాట సరిగా రానంత మాత్రాన మనం చెప్పేది అర్థం కాదనుకోకూడదు, పక్షవాతం వచ్చినవాళ్ళలో చాలామందికి మాట పోయినా అర్థం చేసుకోవడం కొంతైనా ఉంటుంది. పనిచేసే ఎడమ చేయి పట్టుకొని "ఆ రోజు విసురుగా లాగాను అత్తయ్యా, క్షమించండి" అనండి. చిన్న వాక్యం, నెమ్మదిగా. ఆవిడ వేళ్ళతో నొక్కవచ్చు, మొహం తిప్పుకోవచ్చు. ఏది చేసినా మీరు చెప్పాల్సింది చెప్పినట్టే. భుజం వాచినా, కదిలిస్తే మూలిగినా డాక్టర్‌కు చూపించండి.

మీకోసం కూడా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ఈ వారమే. ఆఫీసులో కళ్ళు తిరిగాయంటే ఉపవాసం ఒక్కటే కారణం కాకపోవచ్చు. హెమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12 చూపించుకోండి. మీ వయసులో నెలసరి మార్పుల వల్ల కూడా నిద్ర చెడుతుంది. డిప్రెషన్ అని చెప్పి మందులు రాస్తే వేసుకోండి. విశ్వాసి మందు వేసుకోవచ్చా అన్న సందేహం పెట్టుకోకండి. తిమోతి కడుపు జబ్బుకు పౌలు ప్రార్థనతో సరిపెట్టలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు.

ఈ జవాబు మీవారికి కూడా చదివించండి. మిగతా నాలుగు ముక్కలు ఆయనకే.

బాబూ, మీ భార్య మీ మీద ఫిర్యాదు రాయలేదు, "మంచివారే" అని రాసింది. మీ అమ్మగారిని చూసుకోవడం మీకు రాదనుకుంటున్నట్టున్నారు. రాకపోవడం నిజమే, ఆ అమ్మాయికి కూడా రెండేళ్ళ కిందట రాదు. నేర్చుకోవచ్చు. రాత్రిపూట సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. మీ డాక్టర్ ఇంకేదైనా వ్యవధి చెప్పి ఉంటే అదే పాటించండి. చేయి పట్టుకొని మాత్రం లాగకూడదు, పక్షవాతం వచ్చిన వైపు భుజం కీలు పట్టు తప్పి ఉంటుంది. నడుము కింద అడ్డంగా ఒక దుప్పటి మడిచి పరచి, దాని అంచు పట్టుకొని మీవైపు తిప్పుకోవాలి. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టాలి. ఫిజియోథెరపిస్ట్ వచ్చిన రోజు ఇంట్లోనే ఉండండి, అన్నీ చేయించి చూపిస్తారు. మొదటి రాత్రి మీకు భయంగా ఉంటుంది, మీ అమ్మగారికి సిగ్గుగా ఉంటుంది. లైటు కొంచెం తగ్గించి, ఏం చేయబోతున్నారో ముందే ఆవిడకు చెప్పి మొదలుపెట్టండి.